రెండు వంశావళులు - సమన్వయ మార్గాలు

యోసేపు తండ్రి మత్తయి సువార్తలో యాకోబు (1:16), లూకా సువార్తలో హేలీ (3:23). దావీదు తరువాత మొదటి పట్టిక సొలొమోను మీదుగా, రెండవది నాతాను మీదుగా నడుస్తుంది. ఈ భేదానికి క్రైస్తవ వ్యాఖ్యాతలు చెప్పిన సమాధానాలన్నీ ఒకే విలువ గలవి కావని మా అభిప్రాయం.

3వ శతాబ్దికి చెందిన జూలియస్ ఆఫ్రికానస్ సమాధానం ఇది: యాకోబు, హేలీ ఒకే తల్లి బిడ్డలు, హేలీ సంతానం లేకుండా మరణించగా యాకోబు అతని భార్యను చేపట్టి యోసేపును కన్నాడు, ధర్మశాస్త్రం ప్రకారం ఆ బిడ్డ హేలీ వంశానికే చెందుతాడు. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో ఈ ఆచారం ఉన్నమాట నిజమే. కాని తన వివరణకు సాక్ష్యం లేదని ఆఫ్రికానసే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ తరువాతివారందరిలో కనిపించదు. లూకా చెప్పింది మరియ వంశమే అనేవారు ఆ పట్టికలో మరియ పేరు లేదన్న సంగతిని దాటవేస్తారు.

యెకొన్యా సంగతి వేరు. అతని సంతతివారెవరూ దావీదు సింహాసనంపై కూర్చోరని యిర్మీయా ప్రవచనం (22:30). అయినా మత్తయి అతన్ని పట్టికలో చేర్చాడు. దీనికి కొందరు హగ్గయి 2:23 చూపుతారు. యెకొన్యా ముద్ర ఉంగరమైనా ఊడదీసి పారవేస్తానన్న దేవుడు, అక్కడ అతని మనుమడు జెరుబ్బాబెలును ముద్ర ఉంగరంగా చేస్తానంటాడు. ఈ సమాధానానికి ఆధారం గ్రంథంలోనే ఉంది.

పద్నాలుగేసి తరాల లెక్క కోసం మత్తయి యెహోరాముకూ ఉజ్జియాకూ నడుమ ముగ్గురు రాజులను విడిచిపెట్టాడు. ఆయన పట్టిక వెనుక ఒక ఉద్దేశం ఉందని దీనివల్ల తెలుస్తుంది. లేని చుట్టరికాలు కల్పించే ముందు వ్యాఖ్యాతలు ఆ ఉద్దేశాన్ని విచారించడం న్యాయం.