వేదన, విజయం: బసివి కథకు కొలమానం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో బాలికలను బసివిగా విడిచే ఆచారాన్ని 1988 నాటి చట్టం నిషేధించింది. ఈ జీవితాన్ని చిత్రించే కథ వేదనను చెప్పాలా, విజయాన్ని చెప్పాలా? ఈ విభజనే లోపభూయిష్టం. గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రికన్న ఏకులబుట్టంత తల్లి నయం’ సంపుటిలోని ఒక కథలో, కూతురిని జోగినిని చేయడానికి నిరాకరించిన తండ్రి పెత్తందార్ల ఆగ్రహానికి గురవుతాడు. కూతురు చదువుకు చేరుతుంది. గాయం, చదువు రెండూ ఒకే నిర్ణయానికి ఫలితాలు. నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ నవల ‘ద కలర్ పర్పుల్’ (1982)లో హింసను భరించిన సీలీ కుట్టుపనితో స్వతంత్రురాలవుతుంది. వేదనను తొలగిస్తే విజయానికి చెల్లించిన మూల్యం కనబడదు. విజయాన్ని తొలగిస్తే స్త్రీ కేవలం సాక్ష్యంగా మిగులుతుంది. అయితే శ్యామల కథలో నిర్ణయం తండ్రిది, వాకర్ నవలలో సీలీదే. పశ్చిమ కర్నూలు బసివి కథను పరిశీలించవలసినది బాధ పరిమాణంతో కాదు. నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నతో.