తాళము, సమకాలీకరణము : ఒక పరిభాషా విమర్శ

గణకయంత్ర శాస్త్రమున 'లాక్' అనియు, 'సింక్రొనైజేషన్' అనియు రెండు మాటలు జంటగా వినవచ్చును. వీనికి తెలుగున తాళము, సమకాలీకరణము అను పదములు వాడుకకు వచ్చినవి. యానాము అగ్రహారమున తెలుగు బోధించు నన్ను ఒకనాడు పై తరగతి విద్యార్థి యొకడు కలిసికొని, రెండవ పదమునకు "అన్ని పనులును ఒకే కాలమున జరుగుట" అని అర్థము చెప్పెను. పదమును బట్టి చూడ వాని మాట తప్పు కాదు. శాస్త్రమును బట్టి చూడ పూర్తిగా విపరీతము. లోపము బాలునిది కాదు, పదముది. దీనిని విచారించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఆపరేటింగ్ సిస్టమునకు మూలస్థానము కెర్నెల్. మెమొరీని, ఫైళ్లను, పరికరములను పనులకు పంచిపెట్టునది అదియే. నేటి యంత్రములందు పలు ప్రాసెసర్లు ఒక్కమారుగా దాని నాశ్రయించును. పద్దులో పది యున్నదనుకొందము. ఇరువురు గుమాస్తాలు ఒకే క్షణమున దానిని చదివి, చెరియొకటి కూడి, పదునొకండని వ్రాసిరి. ఉండవలసినది పండ్రెండు, ఒకరి పని మాయమైనది. ఇట్లు జరుగకుండ ఒకరు ముగించునంతవరకు రెండవవారిని నిలుపునదే తాళము. 1965లో డైక్‌స్ట్రా ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసము కోరినదియు ఇదియే: కీలకమైన పనిలో ఒక సమయమున ఒక్కరే యుండవలెను. కావున ఇచట కావలసినది సమకాలము కాదు; ముందు వెనుకల వరుస. గడియారములను ఒక్కటిగా దిద్దునపుడు సమకాలీకరణమను మాట చక్కగా నొప్పును. కెర్నెల్ విషయమున నొప్పదు.

చరిత్రయు ఈ మాటనే బలపరచుచున్నది. 1996లో వెలువడిన లినక్స్ 2.0 పలు ప్రాసెసర్లకు తావిచ్చినపుడు కెర్నెల్ అంతటికిని ఒకటే పెద్ద తాళము. మా యానామునకును ఎదుర్లంకకును నడుమ గౌతమిపై 2002లో వారధి తెరువబడు నంతవరకు జనులు రేవున వేచి పంటుపైననో పడవపైననో దాటెడివారు. పంటు ఆవలి యొడ్డున నున్నచో ఈవలివారెందరైనను నిలువవలసినదే. పెద్ద తాళము పని యట్టిది: ప్రాసెసర్లెన్ని యున్నను లోనికి ఒక్కదానికే ప్రవేశము. దానిని ముక్కలుచేసి ఏ సొత్తునకా సొత్తునకు వేరు తాళము వేయుటకు 2011 వరకు పట్టినది, 2.6.39వ కూర్పుతో అది పూర్తిగా తొలగినది. ఇంత యాలస్యమేల? అది కాపాడుచున్నది ఏ సమాచారమునో స్పష్టముగా లేకుండుట చేత. తాళము ఇంటికి గాక ఇంటిలోని సొత్తునకు వేయవలెనను పాఠమును శాస్త్రజ్ఞులు పదునైదేండ్ల శ్రమచే నేర్చిరి.

తాళములు పెరిగినకొలది క్రొత్త చిక్కు కలిగెను. ఒకని చేత మొదటి తాళమున్నది, రెండవది కావలెను. మరియొకని చేత రెండవది యున్నది, మొదటిది కావలెను. ఇరువురును నిరంతరము నిలిచిపోవుదురు. దీనినే డెడ్‌లాక్, అనగా ప్రతిష్టంభనము, అందురు. దీనికి మందు అందరును తాళములను ఒకే వరుసలో తీసికొనుట. 2006లో ఇంగో మోల్నార్ చేర్చిన 'లాక్‌డెప్' ఆ వరుసను గమనించి, చిక్కు నిజముగా కలుగకమునుపే హెచ్చరించును.

ఇంకను విశేషమైనది పాల్ మెకెన్నీ ప్రభృతుల కృషిచే 2002లో లినక్స్ లోనికి వచ్చిన 'ఆర్.సి.యు.' పద్ధతి. పాఠశాలలో కాలపట్టిక మార్చవలసినపుడు పాతదానిపై కొట్టివేతలు చేయక, క్రొత్తది వేరుగా వ్రాసి తగిలింతుము. పాతదానిని చూచుచున్నవారందరు ముగించిన పిమ్మటనే దానిని పారవేయుదుము. చదువరులకు తాళము లేదు, ఐనను వరుస తప్పదు. తాళము ఉపకరణమే గాని గమ్యము కాదని దీనివలన తేలుచున్నది. అందుచేతనే గమ్యమునకు సరియైన పేరు కావలెను.

ఆ పేరు మన యింటనే యున్నది. తెలుగున తాళమనగా ద్వారమునకు వేయునదియు, పాటకు వేయునదియు. భజనలో మృదంగము, చేతాళములు, గాయకుని గొంతు అన్నియు ఒక్కసారే మ్రోగవలెనను నియమము లేదు. ఎవరి తావున వారు పలుకవలెను. కెర్నెల్ కోరునదియు ఇంతే. కావున లాక్‌ను తాళమనియే యుంచి, సింక్రొనైజేషనును 'తాళగతి' యనుట మేలని తోచుచున్నది. ఒకే మాటకు రెండర్థములుండుట కలవరము గొలుపునని కొంద రాక్షేపింపవచ్చును. గతి శబ్దము చేరుటచే ఆ సందేహము తీరును.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున తెలుగు అల్పసంఖ్యాకుల భాష. ఇచటి బాలుడు తన భాషలో తప్పు పదము నేర్చి, పిమ్మట శాస్త్రమున బోల్తాపడినచో నిందించునది ఆ పదమును కాదు, భాషనే. తెలుగున శాస్త్రము చెప్పుటకు వీలులేదని వాడు నిశ్చయించుకొనును. ఆంగ్లపదమును ముక్కలు చేసి ముక్కకు ముక్క సంస్కృతము కట్టుట అనువాదము కావచ్చును, పరిభాష కాదు. పని యేమో ముందు తెలిసికొని పిమ్మట పేరు పెట్టవలెను. నా సూచన నచ్చనిచో ఇంతకంటె మంచి మాటను విజ్ఞులు సూచింతురు గాక. సమకాలీకరణమును మాత్రము పాఠమునుండి తొలగింతురు గాక.