సీసా వెంట నడిచే కాగితం

విదేశీ విస్కీ వ్యాపారంలో అమ్మడం చిన్న పని. పీపా నుంచి కొనుగోలుదారు చేతి వరకు సరుకు పుట్టుపూర్వోత్తరాలకు మచ్చ పడకుండా కాపాడటమే పెద్ద పని. స్కాట్లాండ్‌లోనే ధాన్యాన్ని పులియబెట్టి కాచి, అక్కడే ఓక్ పీపాలలో కనీసం 3 సంవత్సరాలు నిల్వ చేసి, ఆల్కహాలు 40 శాతానికి తగ్గకుండా సీసాకెక్కించిన మద్యానికి మాత్రమే బ్రిటన్ 2009 నిబంధనలు స్కాచ్ అనే పేరును అనుమతిస్తాయి. భారతదేశంలో కూడా అది భౌగోళిక సూచికగా, అంటే ఒక ప్రాంతపు పేరును ఆ ప్రాంతపు ఉత్పత్తికే కేటాయించే చట్టబద్ధమైన గుర్తింపుగా నమోదై ఉంది. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు గుర్తింపునిచ్చినదీ అదే 1999 నాటి చట్టం గనుక, ఒకరి ఊరి పేరును మరొకరు వాడుకుంటే జరిగే నష్టమేమిటో ఆ ఊరి శిల్పులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నంద్యాల, ఆళ్లగడ్డ వైన్‌షాపుల అరలలో కనిపించే విస్కీలో అధికభాగం ఐఎంఎఫ్ఎల్, అనగా విదేశీ పద్ధతి పేరుతో మన దేశంలోనే తయారయ్యే మద్యం. ఇందులో చాలా రకాలకు చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్ ఆధారం కావడంతో, ధాన్యం నుంచి తీసినదానినే విస్కీగా అంగీకరించే ఐరోపాలో వాటికి ఆ పేరు దక్కదు. టీచర్స్, వ్యాట్ 69 వంటివి మధ్యరకం: స్కాచ్ పెద్ద పరిమాణంలో దిగుమతి అయి, ఇక్కడ సీసాలకెక్కుతుంది. సింగిల్ మాల్ట్ స్కాచ్‌ను మాత్రం స్కాట్లాండ్‌లోనే సీసాలో నింపాలి. ఈ మూడింటి తేడాను అడిగిన కొనుగోలుదారుకు ఓపికగా వివరించలేని అమ్మకందారు తన వృత్తిలో సగాన్ని వదులుకున్నట్లే.

రాజ్యాంగం దిగుమతి సుంకాన్ని కేంద్రానికి, మద్యంపై ఎక్సైజ్ అధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. తాగే మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు. అందువల్ల రేవులో దిగిన సరుకు సుంకం చెల్లించేవరకు బాండెడ్ గోదాములో, అంటే కస్టమ్స్ అదుపులోని గిడ్డంగిలో ఉండి, ఆ తరువాత బ్రాండు, లేబుల్, ధరలకు రాష్ట్ర అనుమతులు పొంది, 1986లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో ద్వారానే దుకాణానికి చేరాలి. దిగుమతిదారు నేరుగా నంద్యాల దుకాణానికి ఒక్క పెట్టె కూడా పంపలేడు.

ఈ కట్టుదిట్టానికి చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రగిలించిన ఉద్యమం 1993 సారా నిషేధానికి, 1995 జనవరి 16 నాటి సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలింది. 2019 అక్టోబరులో దుకాణాలన్నీ ప్రభుత్వపరమై, పేరున్న బ్రాండ్లు అరుదైపోయిన కాలంలో, కర్నూలు దగ్గర తుంగభద్ర ఒడ్డునున్న పంచలింగాల చెక్‌పోస్టులో తెలంగాణ మద్యం తరచుగా పట్టుబడేది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను లాటరీ ద్వారా ప్రైవేటు లైసెన్సుదారులకు కేటాయించారు. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దూబగుంట మహిళలు చూసిన కష్టాన్ని గుర్తుంచుకున్న సమాజంలో ఈ వ్యాపారం అనుమతిపై మాత్రమే నిలవడం న్యాయమేనని, ఆ అనుమతికి తగిన నడవడి వ్యాపారి బాధ్యత అని ఒప్పుకోక తప్పదు.

గల్ఫ్ నుంచి వచ్చే బంధువుల సామానులో వచ్చే సీసాల సంగతి వేరు. సామాను నిబంధనలు ప్రయాణికుడికి 2 లీటర్ల వరకు సుంకం లేకుండా అనుమతిస్తాయి గాని, అది సొంత వాడకానికే. దానిని దుకాణంలో పెట్టి అమ్మితే నేరం. ఖాళీ అయిన ఖరీదైన సీసాలను నకిలీదారులు మళ్లీ నింపే ప్రమాదం ఉన్నందున, వాటిని పగలగొట్టి పారవేయడం మంచిది.

సరైన కాగితాలతో వచ్చిన సరుకునైనా రాయలసీమ వేసవి పరీక్షిస్తుంది. విస్కీ సీసాలో ముదరదు. 12 ఏళ్లదని రాసినది, అందులోని అతి పిన్న స్పిరిట్ పీపాలో గడిపిన కాలాన్ని తెలుపుతుంది, ఆ లెక్క ఇక పెరగదు. ఎండ రంగును, వేడి వాసనను చెడగొడతాయి. పడుకోబెడితే గాఢమైన ఆల్కహాలు బిరడాను తినేస్తుంది గనుక సీసాను నిలబెట్టి, నీడలో ఉంచాలి.

ఇక ధర సంగతి. దిగుమతి విలువ 1,000 రూపాయలైన స్కాచ్ సీసాపై 150 శాతం సుంకం పడితే, రాష్ట్ర పన్నులకు ముందే అది 2,500 అవుతుంది. 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఆ సుంకం అమలు నాటి నుంచి 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి తగ్గాలి. అప్పుడు అదే సీసా 1,750కి, చివరకు 1,400కి దిగుతుంది. అయితే రాష్ట్ర పన్ను ఈ అంకెలపై వేరుగా పడుతుంది కాబట్టి, ఆ తగ్గుదలలో ఆళ్లగడ్డ ఎమ్మార్పీకి ఎంత చేరుతుందో నిర్ణయించేది ఎక్సైజ్ శాఖ ధరల పట్టికే.