జుర్రేరు లోయలో సుమత్రా బూడిద

నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర, జుర్రేరు లోయలో, తెల్లని బూడిద పొర ఒకటుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. శుభ్రం చేసే పొడులకు పనికొస్తుందని దాన్ని తవ్వి అమ్ముకున్నారు. నిజానికి అది ఇక్కడి బూడిద కాదు. దాదాపు 74,000 ఏళ్ల కిందట, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడింది.

ఇలాంటి పొర దొరికితే భూగర్భ శాస్త్రజ్ఞులకు పండగే. ఇసుకరాయిలోని రేణువును పరీక్షిస్తే అది ఏ కొండనుంచి విరిగి వచ్చిందో ఆ కొండ వయసు తేలుతుందే గాని, ఇక్కడ ఎప్పుడు పేరుకుందో తేలదు. బూడిద అలా కాదు, పేలిన కొద్దికాలానికే నేలకు దిగుతుంది. దాని వయసు తెలిస్తే కింది పొరలు అంతకంటే పాతవి, పైవి కొత్తవి.

ఆ వయసు తేల్చేది బూడిదలోని ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు. వాటిలోని పొటాషియం-40 కొద్దికొద్దిగా ఆర్గాన్ వాయువుగా మారుతుంటుంది. శిలాద్రవం వేడికి పాత ఆర్గాన్ బయటికి పోతుంది, చల్లబడ్డాక పుట్టింది లోపలే చిక్కుకుంటుంది. స్ఫటికాన్ని లేజర్‌తో కరిగించి ఆ వాయువును కొలుస్తారు. అంతకుముందు మైక్రోస్కోప్ కింద, బియ్యంలో రాళ్లేరినట్టు, మంచి స్ఫటికాలను ఏరుకోవాలి. అసలు విద్యంతా ఆ ఏరడంలోనే ఉంది. అందులో పొరబడితే లెక్కే తప్పుతుంది. కెన్యాలోని తుర్కానా సరస్సు తూర్పున ఉన్న కేబీఎస్ బూడిదకు మొదట 26 లక్షల ఏళ్లని లెక్కకట్టారు. అక్కడి పంది శిలాజాలు ఆ లెక్కకు ఒప్పుకోలేదు. ఏళ్లతరబడి వాదులాడాక అది 19 లక్షల ఏళ్ల దగ్గర స్థిరపడింది.

ప్రతిచోటా కొత్తగా వయసు కట్టనక్కర్లేదు. బూడిదలోని గాజు రేణువుల రసాయన కూర్పు విస్ఫోటనానికి వేలిముద్ర. జ్వాలాపురం గాజు టోబా గాజుతో సరిపోయింది. ఆఫ్రికాలోని మలావి సరస్సు అడుగున దొరికిందీ టోబాదే. టోబా వయసును 2012లో ఆర్గాన్ పద్ధతిలో కొన్ని వందల ఏళ్ల తేడాతో కట్టగలిగారు. జ్వాలాపురం మట్టిలోని ఇసుకకు, అది చివరిగా ఎండ చూసిందెప్పుడో చెప్పే కాంతి పద్ధతిలో కట్టిన వయసుల్లో ఆ తేడా ఆరేడు వేల ఏళ్లు!

పురావస్తు శాస్త్రజ్ఞులు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్‌ల బృందం 2007లో ఇక్కడ బూడిదకు కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయని ప్రకటించింది. టోబా పేలుడంతటి ఉపద్రవాన్నీ మనుషులు తట్టుకున్నారన్నది వారి వాదం. కింది పనిముట్ల సంగతిలో నాకు అనుమానం లేదు. పైవాటి దగ్గరే తటపటాయింపు. ఆ పొరలో నేరుగా ఆకాశంనుంచి రాలింది అడుగునున్న కొద్ది సెంటీమీటర్లే. మిగిలినదంతా తర్వాత వాలులనుంచి నీళ్లు కడిగి తెచ్చింది. అది ఎన్నాళ్లపాటు చేరిందో బూడిద వయసు చెప్పదు.

దాన్ని తేల్చాలంటే చెక్కుచెదరని పొర కళ్లముందుండాలి. పొరను బయటపెట్టిందీ, తరిగించిందీ పొడుల కోసం జరిగిన ఆ తవ్వకాలే. మిగిలిన గోడల్లో కొన్నింటినైనా పార తగలకుండా కాపాడండి.