పిల్లలు అడిగే పేరు

స్కూలు లైబ్రరీలోకి కంప్యూటర్ రావడం వేరు, లైబ్రరీ పని కంప్యూటర్ మీదికి రావడం వేరు. చాలా బళ్లలో యాక్సెషన్ రిజిస్టర్‌ని ఉన్నదున్నట్టు ఎక్సెల్‌లోకి ఎక్కించి, పైకి రిపోర్టు పంపేసరికి అంతా అయిపోయిందనుకుంటారు. రిజిస్టర్ అంటే ఏ పుస్తకం ఎప్పుడు కొన్నాం, ఎంతకు కొన్నాం, ఏ బిల్లు మీద కొన్నాం అనే లెక్క. ఆడిట్‌కు అది ఉండాల్సిందే. కానీ ఏదో ఒకటి చదవాలని వచ్చిన పిల్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ పిల్లకు కావలసింది కేటలాగు. మా బళ్లో కోహా పెట్టుకున్నాక నేను నేర్చుకుంటున్నదంతా ఆ కేటలాగు గురించే.

కోహా లైబ్రరీలు ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లో ఒక ప్రాంతీయ లైబ్రరీ ట్రస్టు వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేదని తేలడంతో, 1999లో దీన్ని కొత్తగా రాయించుకున్నారు. 2000 జనవరి నుంచి వాడకంలో పెట్టారు. డబ్బు పెట్టి రాయించుకున్నవాళ్లు తమకే ఉంచుకోకుండా అందరికీ వదిలేశారు కనుక, ఏటా లైసెన్సు ఫీజు కట్టే స్తోమత లేని మాలాంటి బళ్లకు ఇవాళ అది అందుతోంది. లాగిన్ అయిన ప్రతిసారీ వాళ్లకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

శిక్షణ వీడియోల్లో పని చాలా తేలిగ్గా కనిపిస్తుంది. పుస్తకం వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్‌ను స్కానర్‌తో చదివిస్తారు. జడ్ 39.50 అనే ఏర్పాటు ద్వారా సాఫ్ట్‌వేర్ ఏదో ఒక పెద్ద లైబ్రరీని అడిగి, ఆ పుస్తకానికి అక్కడ ఇదివరకే రాసి ఉన్న రికార్డును తెచ్చి పెడుతుంది. రచయిత, పుస్తకం పేరు, పేజీలు, విషయం అన్నీ వాటి వాటి గడుల్లో వచ్చి కూర్చుంటాయి. ఆ గడులను అంకెలతో పిలుస్తారు. రచయితకు 100, పుస్తకం పేరుకు 245, విషయానికి 650. మార్క్ అనే ఈ పద్ధతి 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పుట్టింది. ఇంగ్లీషు పుస్తకాలతో ఇదంతా చక్కగా నడుస్తుంది. రస్కిన్ బాండ్ పుస్తకాలున్న అర ఒక్క మధ్యాహ్నంలో పూర్తయింది. పక్కనే ఉన్న తెలుగు అరల దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది.

మా తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్ లేదు. ఉన్నవాటికీ రికార్డు దొరకడం అరుదు. దొరికితే అది అమెరికా నుంచి వస్తుంది. దీని వెనక ఒక చరిత్ర ఉంది. పీఎల్-480 అనే చట్టం కింద మనం అమెరికా నుంచి తెచ్చుకున్న గోధుమలకు రూపాయల్లో కట్టిన సొమ్ములో కొంత పెట్టి, ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయం 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికాలోని లైబ్రరీలకు పంపింది. తెలుగు పుస్తకాలూ అలా సముద్రం దాటాయి. అక్కడి కేటలాగర్లు వాటికి ఎంతో శ్రద్ధగా రికార్డులు రాశారు. కాకపోతే రోమన్ లిపిలో, దీర్ఘాలకు అక్షరం మీద గీత, ట డ ణ ళలకు అక్షరం కింద చుక్క పెట్టి రాశారు. అమెరికాలో పరిశోధన చేసేవారికి అది సరిపోతుంది. తెలుగులో వెతికే మా ఆరో తరగతి పిల్లాడికి అది అందదు. అంచేత తెలుగు పుస్తకాల రికార్డులు మనమే రాసుకోవాలి.

రాయడం మొదలుపెడితే ఒక్కో పుస్తకం ఒక్కో చిక్కు. 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న రావూరి భరద్వాజ నవల ‘పాకుడురాళ్లు’నే తీసుకోండి. ళ కింద ల వత్తు పెట్టేవాళ్లున్నారు, ళ వత్తు పెట్టేవాళ్లున్నారు, రెండు మాటలుగా విడదీసి రాసేవాళ్లున్నారు. మన కంటికి మూడూ ఒకటే. కంప్యూటర్‌కు మూడూ మూడు. కథల పుస్తకాలు మరీ కష్టం. అట్టల మీదే కొన్నిటికి ‘కథలు’ అనీ కొన్నిటికి ‘కధలు’ అనీ ఉంటుంది. కంటికి కనిపించని చిక్కు కూడా ఒకటుంది. ‘రాబిన్‌సన్ క్రూసో’ అని టైపు చేసేటప్పుడు పొల్లు పక్కన స విడిగా నిలబడాలంటే మధ్యలో ఒక అదృశ్య అక్షరం వేయాలి. అది వేయకపోతే ‘రాబిన్సన్’ అవుతుంది. తెర మీద తేడా కొంచెమే, వెతికేటప్పుడు మాత్రం ఒకటి కొడితే రెండోది రాకపోవచ్చు. ఈ సంగతి మా కంప్యూటర్ మాస్టారు చెప్పారు. లైబ్రరీ సైన్సులో ఎవరూ నాకు చెప్పలేదు.

అసలు పాఠం మాత్రం ఒక ఏడో తరగతి అమ్మాయి దగ్గర దొరికింది. లైబ్రరీ పీరియడ్‌లో పిల్లలే వెతుక్కోవాలని ఒక కంప్యూటర్ విడిగా పెట్టాం. ఆ అమ్మాయి వచ్చి, “మేడమ్, బారిష్టర్ పార్వతీశం మన లైబ్రరీలో లేదంట” అంది.

“ఎవరు చెప్పారమ్మా?”

“కంప్యూటర్‌లో రాలేదు మేడమ్.”

“ఎలా కొట్టావో చూపించు.”

చూపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినట్టు, తనకు వినిపించినట్టు కొట్టింది. ఒక ర తగ్గింది, ఒక ఈ పెరిగింది. నేను రాసిన రికార్డులో పుస్తకం పేరు తెలుగులో, అట్ట మీద ఎలా ఉందో అలా ఉంది. రెండింటికీ ఎక్కడా పొంతన లేదు.

“తెలుగులో కొట్టొచ్చు కదమ్మా?”

“ఇంట్లో అమ్మ ఫోన్లో ఇలాగే కొడతాం కదా మేడమ్” అంది.

ఆ పిల్ల మాటలో న్యాయముంది. ఇంట్లో పాట వెతికినా, వంట వీడియో వెతికినా వాళ్లు అలాగే వెతుకుతారు, అక్కడ దొరుకుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన ఆ పుస్తకం ఆ అమ్మాయి వెనక అరలోనే ఉంది. మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా వెళ్లిన పార్వతీశం మా కేటలాగులోంచి ఆ పిల్ల దగ్గరికి రాలేకపోయాడు.

ఆ సాయంత్రం కూర్చుని, మార్క్‌లో 246 అనే గడి గురించి ఉన్నదంతా చదివాను. పుస్తకం ఇంకే పేరుతో చలామణీలో ఉన్నా, ఇంకెలా రాసినా ఆ రూపాలన్నీ అందులో రాసుకోవచ్చు. ఎన్నిసార్లయినా ఆ గడిని మళ్లీ తెరుచుకోవచ్చు. శిక్షణ వీడియోల్లో దాన్ని చూపించీ చూపించనట్టు దాటేస్తారు. నన్నడిగితే తెలుగు లైబ్రేరియన్‌కు అంతకంటే ముఖ్యమైన గడి లేదు. ఇప్పుడు ఆ పుస్తకం రికార్డులో 245లో అట్ట మీది పేరు అట్ట మీద ఉన్నట్టే ఉంది. 246లో బారిస్టర్, బారిష్టర్, బారిష్టరు, వాటితో పాటు పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే రకాలు కూడా ఉన్నాయి. కొత్తగా ఏ రూపం వినిపించినా చేరుస్తున్నాను. పిల్లలు వెతికి దొరకనివాటిని రాసి పెట్టడానికి ఆ కంప్యూటర్ పక్కన ఒక నోటు పుస్తకం ఉంచాం. శనివారం దాన్ని తీసి చూడటం నాకు వారం మొత్తంలో ఇష్టమైన పని.

రచయితల పేర్లకూ ఇదే మందు. సాఫ్ట్‌వేర్ మొదటి పేరు, చివరి పేరు అని అడుగుతుంది. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. కొందరు దాన్ని వెనక పెట్టుకుంటారు. ‘అమరావతి కథలు’ రాసిన సత్యం శంకరమంచి అలా పెట్టుకున్నవారే. చాగంటి సోమయాజులును పిల్లలెవరూ ఆ పేరుతో అడగరు, చాసో అంటారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయ్యారు. ‘ఇల్లాలి ముచ్చట్లు’ అట్ట మీద పురాణం సీత అని ఉంటుంది, రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ. కోహాలో ప్రతి రచయితకూ ఒక అథారిటీ రికార్డు పెట్టుకుని, అందులో ఈ పేర్లన్నీ ఒక చోట చేర్చుకుంటే ఏ పేరుతో వెతికినా మనిషి దొరుకుతాడు.

ఇది కొత్త విద్యేమీ కాదు. చెక్క సొరుగుల్లో మూడంగుళాల ఎత్తు, అయిదంగుళాల వెడల్పు కార్డులున్న రోజుల్లో మేమంతా ‘చూడుము’ కార్డులు రాసినవాళ్లమే. చాసో దగ్గర ఒక కార్డు, అందులో ‘చాగంటి సోమయాజులు చూడుము’ అని ఒక్క వాక్యం. లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రరీకి వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్, 1931లో అచ్చయిన తన అయిదు సూత్రాల్లో నాలుగోదాన్ని పాఠకుడి సమయం ఆదా చేయడానికే కేటాయించారు. చూడుము కార్డు ఆ పనే చేసింది, 246 గడి ఇప్పుడు అదే చేస్తోంది. అందుకే, ఈ వయసులో ఈ ఆన్‌లైన్ గొడవ మాకెందుకని వెనకాడే తోటి లైబ్రేరియన్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఏ పుస్తకాన్ని పిల్లలు ఏ పేరుతో అడుగుతారో వాళ్లకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌కు తెలియనిది అదొక్కటే. ఎక్కడ నొక్కాలో పక్కవాళ్లను అడిగితే చెబుతారు.

నేర్చుకోవడానికి కావలసింది తీరిక. 2006లో అమెరికాలోని షార్లెట్ నగరం పబ్లిక్ లైబ్రరీలో హెలీన్ బ్లోవర్స్ అనే ఆవిడ సిబ్బంది కోసం 23 చిన్న చిన్న పనుల కార్యక్రమం తయారుచేశారు. బ్లాగు తెరవడం, ఫొటోలు పెట్టడం, పాడ్‌కాస్ట్ వెతకడం వంటివి. ఎవరికి వారే చేసి చూసుకోవాలి. పూర్తి చేసినవాళ్లకు ఎంపీ3 ప్లేయర్ ఇచ్చారు. మరుసటి ఏడే కాలిఫోర్నియా స్కూలు లైబ్రేరియన్ల సంఘం దాన్ని తమకు తగ్గట్టు మార్చుకుంది. అప్పుడు వాళ్లు నేర్చుకున్న సైట్లలో చాలావాటిని ఇప్పుడెవరూ వాడటం లేదు. అయినా ఆ కార్యక్రమం నాకు నచ్చడానికి కారణం, తెలియనిదాన్ని కెలికి చూసుకోవడం కూడా ఉద్యోగంలో భాగమేనని ఒక సంస్థ ఒప్పుకోవడం. మన బళ్లలో లైబ్రేరియన్ ఖాళీగా కనిపిస్తే సెలవు పెట్టిన టీచర్ క్లాసుకు పంపుతారు. పరీక్షలొస్తే ఇన్విజిలేషన్. వారానికి ఒక్క పీరియడ్ నేర్చుకోవడానికని టైమ్‌టేబుల్‌లో రాసి ఇస్తే చాలు, పని ఎంత మారుతుందో హెడ్మాస్టర్లకే కనిపిస్తుంది.

కేటలాగు కాక, లైబ్రరీకి ఆన్‌లైన్‌లో పనికొచ్చే మిగతా వాటి గురించి టూకీగా చెబుతాను. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలున్నాయి. వాటిని ప్రింటు తీసుకుని పంచుకోవచ్చు. చిన్న తరగతులకు అంతకంటే మంచిది నేను చూడలేదు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ పై తరగతుల పాఠాలకు పనికొస్తుంది. పాత తెలుగు పుస్తకాలకు తెలుగు వికీసోర్స్ ఉండనే ఉంది, స్కాన్ చేసిన పేజీ పక్కనే టైపు చేసిన పాఠం ఉంటుంది కనుక మాట మాటా వెతుక్కోవచ్చు. చాట్‌బాట్‌లను అడిగి పిల్లలు తెచ్చే పుస్తకాల జాబితాలు మాత్రం నేను ఒక్కో పేరూ సరిచూడనిదే ఒప్పుకోను. అసలు ఎవరూ రాయని పుస్తకాలు, నిజమైన రచయితల పేర్లతో వాటిలో కనిపిస్తున్నాయి. ఆ సరిచూడటం ఎలాగో పిల్లలకు నేర్పడం కూడా ఇప్పుడు లైబ్రరీ పీరియడ్ పనే.

చివరగా ప్రచురణకర్తలకు ఒక విన్నపం. పుస్తకం లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం తప్పకుండా వేయండి. కలం పేరు వాడిన రచయితకు అసలు పేరు కూడా రాయండి. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితంగానే ఇస్తారు, తీసుకోండి. డీటీపీ ఫాంట్లలో ఉన్న పేర్లు మా దగ్గర కాపీ చేస్తే అర్థంలేని గుర్తులుగా మారిపోతున్నాయి. పుస్తకం పేరు, రచయిత పేరు, సంవత్సరం, పేజీలు, ఈ నాలుగు వివరాలు యూనికోడ్‌లో టైపు చేసి, అచ్చుకు పంపిన రోజే మీ వెబ్‌సైట్లో పెట్టండి. అక్కణ్నుంచి పిల్లల చేతికి చేర్చే పూచీ మాది.