ఖాళీలు పూరించు యంత్రము, భూమి పద్దులు

రసీదు పుస్తకము చూడనివారుండరు. "శ్రీ ...... గారి వద్దనుండి రూ. ......" అని అచ్చువేసిన కాగితములో గుమాస్తా ఖాళీలను మాత్రము పూరించును. కంప్యూటరులోని టెంప్లేటు అట్టిదే. అందులోని ప్రతి ఖాళీకి ఒక పేరుండును. దానినే టెంప్లేటు చలరాశి అందురు. డేటాబేసు పట్టికనుండి తగిన విలువను తెచ్చి యంత్రము ఆ చోట నుంచును. అయితే గుమాస్తా వ్రాత సిరాతో నిలిచిపోవును. యంత్రము చూపిన ప్రతిసారి క్రొత్తగా పూరించును. చూచుటకు ఈ భేదము స్వల్పమే. లావాదేవీల విషయములో మాత్రము కాదు.

తెలంగాణలో వ్యవసాయ భూముల వివరములు 2020 అక్టోబరునుండి ధరణిలోను, 2025 ఏప్రిలునుండి భూభారతిలోను తెరపై చూపబడుచున్నవి. ఝరాసంగం గల జహీరాబాదు ప్రాంతమునే తీసికొందము. ఇది 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో బీదరు జిల్లాకు, తరువాత మెదకు జిల్లాకు చెందినది. 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరినది. 1955 నాటి ఒక క్రయమును చూపు టెంప్లేటులో "జిల్లా" అను చలరాశి ఉన్నదనుకొనుడు. అది గ్రామముల పట్టికనుండి నేటి విలువను తెచ్చునట్లు వ్రాసినచో, అప్పటికి పుట్టని సంగారెడ్డి జిల్లాలో ఆ క్రయము జరిగినట్లు కనబడును. రైతు ఇంటిలోని పాత కాగితముపై బీదరు అని ఉండును. రెండును ఒకే పొలమువని నిరూపించు భారము ఎవరిపై పడును? రైతుపైననే.

దోషము యంత్రముది కాదు. 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన పట్టికల విధానమునుండి, ఒక విషయమును ఒకే చోట నుంచవలెనను సూత్రము పెరిగినది. మంచి సూత్రమే. కాని "నేటి జిల్లా", "క్రయమునాటి జిల్లా" అనునవి ఒక విషయము కాదు, రెండు. ఆనాటి పేరును లావాదేవీ వరుసలోనే వ్రాసి ఉంచుట సులభోపాయము. ప్రతి పేరు ఏ తేదీనుండి ఏ తేదీవరకు చెల్లినదో పట్టికలో చేర్చుట శ్రమతో కూడినదైనను మేలైనది.

విస్తీర్ణము సంగతి మరింత చిక్కు. 1.30 అని ఉన్నచో తెలంగాణ రైతు ఒక ఎకరము ముప్పది గుంటలని చదువును. కోస్తా రైతు ఒక ఎకరము ముప్పది సెంట్లనును. ఎకరమునకు గుంటలు 40, సెంట్లు 100. ఇప్పుడు 1.30కి 1.20 కలుపుడు. సెంట్లలో 2.50 సరియే. గుంటలలో 70, 60 కలసి 130. అనగా 3 ఎకరముల 10 గుంటలు. టెంప్లేటు దశాంశములుగా కూడి 2.50 అని చూపగా, దానిని రెండున్నర ఎకరములని చదివినచో 30 గుంటలు, ముప్పాతిక ఎకరము, మాయమైనట్లే. చుక్కకు బదులు "ఎ.", "గుం." అని రెండు చలరాశులు పెట్టినచో ఈ ప్రమాదము చాలవరకు తప్పును. తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడ దీనిని సరిచూడగలడు.

టెంప్లేటులో చోటులేని విషయము డేటాబేసులో ఉన్నను చదువరికి లేనట్లే. ధరణి కాలములో పహాణీనుండి అనుభవదారు గడి తొలగుటపై వచ్చిన విమర్శ అందరెరిగినదే. గడి ఉండి ఖాళీగా కనబడుట వేరొక చిక్కు: అనుభవదారు లేడనియా, ఎవరో తెలియదనియా? పెక్కు టెంప్లేటులు విలువ దొరకనపుడు మౌనముగా ఖాళీ వదలును. అట్టిచోట "నమోదు కాలేదు" అని చూపించుటకు ఒక్క పంక్తి చాలును.