పిన్ను దిగిందా?

కోనసీమలో డిసెంబరు తెల్లవారుజాము. కళ్లంలో మంచు ఇంకా విడలేదు. రాత్రే లోడు చేసి స్టాండు మీద నిలబెట్టిన ట్రక్కులో 80 బస్తాల ధాన్యం ఉంది. బస్తా 75 కేజీలు, మొత్తం 6 టన్నులు. ఇంత బరువునూ ట్రాక్టరుకు పట్టి ఉంచేది బొటనవేలి కన్నా కాస్త లావైన ఒక్క ఇనుప పిన్ను. దాన్ని వేసే పెద్దాయన పనితనం చూడడానికే నేను ఆ చలిలో నిలబడ్డాను.

ఆయన ట్రాక్టరును అంగుళం అంగుళంగా వెనక్కి తెచ్చాడు. ట్రక్కు ముందు కొసన ఉండే రింగు ట్రాక్టరు కొక్కెం దవడల మధ్యకి వచ్చి ఆగింది. సాయానికి వచ్చిన కుర్రాడు అప్పటిదాకా పక్కనే నిలబడ్డాడు. ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య మనిషి ఉండగా బండి కదలకూడదన్నది ఆయన శాసనం. ఇంజను ఆపి, బ్రేకు వేసి, ట్రక్కు చక్రాల కింద రాళ్లు పెట్టాకే వాణ్ని రమ్మన్నాడు.

"పిన్ను ఏసేను బాబాయ్."

"ఏసేవురా, దిగిందా?"

ఆయన పనితనమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పిన్ను పైనుంచి చూస్తే కూర్చున్నట్టే కనిపిస్తుంది. రింగు రంధ్రం ఓ పక్కకి జరిగి ఉంటే మాత్రం కొస కింది దవడ దాకా చేరదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని కిందనుంచి చెయ్యి పెట్టాడు. కొస బయటికి వచ్చిందో లేదో తడిమి తెలుసుకున్నాడు. తర్వాత పిన్నును పైకి లాగి, దాని నడుం మీద గోరు నడిపాడు. రోజూ రింగు రాసుకునే చోట పిన్ను అరుగుతుంది, రింగు కోలగా సాగుతుంది. గోటికి గాడి తగిలితే ఆ పిన్ను పనికిరాదు. పిన్ను పోతే దగ్గర్లో దొరికిన స్లాబు చువ్వ ముక్క దూర్చి బండి తోలేవాళ్లను నేను చూశాను. ఆ చువ్వ ఇలాంటి లాగుడుకు చేసింది కాదు, వంగిపోతుంది. ఆయన సీటు కింద మాత్రం అదే కొలతలో మరో పిన్ను ఎప్పుడూ ఉంటుంది.

పిన్ను మళ్లీ దించి కొసకు క్లిప్పు వేశాడు. ఎడ్లబండి చక్రం ఊడకుండా ఇరుసు చివర కడచీల చేసే పనే ఇక్కడ క్లిప్పు చేస్తుంది. గతుకుల్లో పిన్ను ఎగిరి పైకి రాకుండా ఆపేది అదే. ఆయన దాన్ని వేలితో తిప్పి మరీ చూశాడు.

ఆ తర్వాత గొలుసులు. రెండింటినీ ట్రక్కు నొగ కింద కత్తెరలా ఒకదానిమీదొకటి దాటించి తగిలించాడు. పిన్ను విరిగినా నొగ నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసులు ఉయ్యాలలా పట్టుకుంటాయి. మలుపులో బిగుసుకోకూడదు, రోడ్డుకు రాసుకోకూడదు. ఆ వదులు ఎంతో ఆయన చేతికి తెలుసు. హైడ్రాలిక్ పైపుకూ అదే లెక్క.

లోడు సర్దడం కూడా తగిలించడంలో భాగమే అంటాడాయన. రెండు చక్రాల ట్రక్కులో బరువు ఇరుసుకు కొంచెం ముందుకు ఉండాలి. వెనక బరువెక్కితే నొగ పైకి లేస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తప్పుతుంది. అందుకే మిల్లులో దించేటప్పుడు కూడా వెనక బస్తాలే ముందు దించమంటాడు. కొక్కెం ఎత్తు ఇంకా ముఖ్యం. లాగుడు వెనక ఇరుసు కన్నా కిందే ఉండాలి. పైన, టాప్ లింకు దగ్గర కట్టి లాగితే ముందు చక్రాలు గాల్లోకి లేచి, ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు పారే కాలువల గట్లే ఈ డెల్టాలో చాలా ఊళ్లకు దారులు. గట్టెక్కే ఏటవాలులో ఈ తప్పుకు క్షమాపణ లేదు.

స్టాండు పైకి మడిచి, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ల మీద బురద తుడిచాడు. ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. చక్రాల కింద రాళ్లు తియ్యకుండానే ట్రాక్టరెక్కి, మొదటి గేరులో మెల్లిగా ఒక్క లాగు లాగాడు. పిన్ను దవడకు ఆనుకుని 'టక్'మంది. ఆయన తల పక్కకు వాల్చి ఆ చప్పుడు విన్నాడు. ఒక్కటే చప్పుడు వస్తే బిగువు సరిపోయినట్టు. రెండు వస్తే ఎక్కడో వదులున్నట్టు, మళ్లీ దిగాల్సిందే. ఆవేళ ఒక్కటే వచ్చింది. రాళ్లు తీయించాడు.

ఇదంతా పది నిమిషాల పని. కిలోమీటరు వెళ్లాక వంతెన దగ్గర బండి ఆపి, దిగి, క్లిప్పును మళ్లీ వేలితో తిప్పి చూశాడు. అది వేసినచోటే ఉంది.